మారెక్క పేరున్న సర్వరు

జయరాంది తనకల్లు పక్కన ఒక మెట్ట పల్లె. బోర్లు ఎండిపోయాక అనంతపురం వచ్చి, మోటార్లకు వైండింగ్ చుట్టే అంగడిలో చేరాడు. పక్క అంగడికి బాగుకు వచ్చిన కంప్యూటర్లు విప్పి చూసి చూసి ఆ పనీ నేర్చుకున్నాడు. తర్వాత మా ఆసుపత్రి కంప్యూటర్లన్నీ అతని చేతికే వచ్చాయి. నేను అక్కడ జనరేటరు చూస్తాను. ఇద్దరిదీ ఒకటే గది.

అతని భార్య మారెక్క. ఆమెను అతను పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. "మేయ్" అనేవాడు, అంతే. ఆమె కూడా అతని పేరు ఎత్తేది కాదు. వాళ్ళ ఇండ్లల్లో మొగుడూ పెండ్లాం ఒకరి పేరు ఒకరు నోట పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని పెద్దల మాట. అంత జాగ్రత్తగా ఉన్నా ఆమె కామెర్లు ముదిరి మా ఆసుపత్రిలోనే, ఆడవాళ్ళ వార్డులో పోయింది.

కొన్నాళ్ళకు కొత్త సర్వరు వచ్చింది. ఆసుపత్రిలో పనిచేసే అందరి పేర్లూ పాస్‌వర్డులూ దాంట్లోనే ఉంటాయి. ఏ వార్డులో ఎవరు కంప్యూటరు తెరవాలన్నా, ఈ మనిషి మనవాళ్ళేనా అని ఆ కంప్యూటరు ముందు సర్వరును అడగాలి. బిగించేటప్పుడు మిషను తనకొక పేరు పెట్టమంది. జయరాం కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, తర్వాత మారెక్క అని టైపు చేశాడు.

నర్సులకు ఆ పేరు అలవాటైపోయింది. పొద్దున్నే ఫోన్ చేసి "అన్నా, మారెక్క లేసిందా?" అనేవాళ్ళు. "లేసిందమ్మా" అనేవాడు. ఆ ఫోన్లు వేరే ఎవరైనా ఎత్తితే అతనికి నచ్చేది కాదు.

పోయిన ఎండాకాలం ఆసుపత్రి బెంగళూరు వాళ్ళ చేతికి పోయింది. సర్వరుకు అంతవరకూ జయరాం సొంతంగా తయారుచేసిన సెక్యూరిటీ సర్టిఫికేటు ఉండేది. అది చెల్లదు, తాము పంపిందే పెట్టాలి అని ఆర్డరు వచ్చింది. సర్టిఫికేటంటే సర్వరుకు గుర్తింపు కార్డు. అది చూసుకున్నాకే మిగతా కంప్యూటర్లు దానికి పాస్‌వర్డు అప్పగిస్తాయి.

జయరాం కొత్తది ఎక్కించాడు. ఒక్క వార్డూ తెరుచుకోలేదు. ఓపీ దగ్గర జనం గుంపు కట్టారు. వనజాక్షి సిస్టరు వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"ఏందన్నా, ఇంక పలక మింద రాసుకోవాల్నా మేము?"

"రాయమ్మా, బలపం నేనిస్తా" అన్నాడు తల తిప్పకుండా.

జయరాం ఊహించి చెయ్యి పెట్టే మనిషి కాదు. ముందు తేదీ చూశాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు గడియారం వెనక్కి పోతే, సర్టిఫికేటు గడువు ఇంకా మొదలే కాలేదనుకుంటుంది మిషను. తేదీ సరిగ్గానే ఉంది. సర్టిఫికేటుకు జతగా వచ్చే తాళంచెవి ఫైలు దానిదేనా అని చూశాడు. దానిదే. ఇచ్చినవాళ్ళ సంతకం నుంచి వాళ్ళ పైవాళ్ళ సంతకం దాకా వరస ఎక్కడా తెగలేదు. చివరికి సర్టిఫికేటు తెరిచి, అందులో పేరు చదివాడు. అనంతపురం అని, పక్కన ఒక నంబరు. వార్డులన్నీ మారెక్కను పిలుస్తున్నాయి. పిలిచే పేరొకటి, కార్డులో పేరొకటి. అందుకే ఏ మిషనూ నమ్మలేదు.

"పేరు చూడొద్దని వార్డు మిషన్లకు చెప్పేస్తే పోలా?" అన్నాను.

"చూడకుండా నమ్మేదానికి తాళమెందుకప్పా?"

సర్టిఫికేటులో రెండో పేరు కూడా రాయించవచ్చు. బెంగళూరుకు ఫోన్ చేసి, చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టాడు. ఎత్తినవాడు ప్రణీత్, మడకశిర పిల్లోడు.

"కలపొచ్చన్నా. ఏం పేరో చెప్పు."

జయరాం ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం విడివిడిగా చెప్పాడు.

"మారెక్క. ఏందన్నా ఇది, మీ ఊరి అమ్మవారా?"

జయరాం గుమ్మంలో ఉన్న సిస్టరును చూశాడు. "ఆ" అన్నాడు.

"అయ్యో. మిషన్లకు దేవుళ్ళ పేర్లు వద్దని రాసినారన్నా. యాడో గలాటా అయిందంట. మనిషి పేరయితే మా సారుకు ఏదో ఒకటి చెప్పి కలిపింటి. సారు ఈడనే ఉండాడు."

నేను నోరు తెరిచాను. జయరాం చెయ్యెత్తి ఆపాడు. అతని పెదవులు కదిలాయి. మనిషేనప్పా అనాలి. అంటే ఎవరని అడుగుతారు. నా పెండ్లామని చెప్పాలి, గుమ్మంలో సిస్టరు ముందర, ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు.

"అన్నా, లైన్లో ఉండావా?"

"ఉండానప్పా. వద్దులే. మీ పేరే పెట్టుకుంటా."

సర్వరు పేరు మార్చి, వార్డు వార్డుకూ తనే పోయాడు. ఎట్లనో చెప్పు, నేనూ కొన్ని చేస్తాలే అని నేనంటే వినలేదు. ప్రతి మిషనులో పాత పేరు చెరిపి, కొత్తది కొట్టి, సిస్టర్లతో తెరిపించి చూసుకున్నాకే పక్కదానికి జరిగేవాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆడవాళ్ళ వార్డు చివరికి పెట్టుకున్నాడు. అక్కడ పాత పేరు చెరపడానికి కొంచెం సేపు పట్టింది.

"వచ్చిందన్నా" అంది వనజాక్షి. "మళ్ళీ పోదు కదా?"

"పోదమ్మా."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"జనరేటరులో ఆయిలు చూసినావా?" అన్నాడు.

"పొద్దున్నే చూసినా."

"ఇంకోసారి చూడుపో."

లేచి వచ్చేశాను.