ఎర్రగీత

వెనకటికి దుకాణదారు మన మొహం చూసి వెల చెప్పేవాడు, మనం అతని ఏడు తరాలనూ తిట్టి సగానికి దింపేవాళ్లం. ఇప్పుడా తగాదా మన తరఫున కూడా బట్టలకొట్టులో ధర చీటీలు రాసే ఎర్రగీతాయనే పడతాడు. సన్నటి మనిషి, చెవి మీద ఎర్ర పెన్ను, రాసేటప్పుడు నాలుక పంటి కింద. చీటీ మీద ఎన్నడూ లేని పెద్ద ధర ఒకటి రాస్తాడు, గొంతు కోసినట్టు అడ్డంగా కొట్టేస్తాడు, కింద నిన్నటి ధరే వేస్తాడు. మొన్న తగ్గింపు అమ్మకం రోజున షట్టరు సగం లేవకముందే జనం ఒకరినొకరు తొక్కుకుంటూ దూరారు. చివరి దుప్పటి కోసం ఇద్దరాడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. ఒకామె రెండో ఆమె మణికట్టు కండ ఊడేలా కొరికింది. విడదీయబోయి గొడుగుపోటు తిన్నాక గానీ, కొరికించుకున్నది తన అక్కేనని ఎర్రగీతాయన చూడలేదు.

"చూశావట్రా, సగానికి సగం తగ్గించారు!" నెత్తురోడుతూనే, దుప్పటి వదలకుండా నవ్వింది అక్క.

యజమాని చెవిన పడితే ఉద్యోగం ఊడుతుందని తెలిసీ గొణిగాడు: "వదిలెయ్యక్కా. నిన్నా ఇదే ధర. కొట్టేసిన పై ధర నేనే ఊరికే రాశాను."

ఆ నెత్తుటి చేత్తోనే అక్క అతని చెంప ఛెళ్లుమనిపించింది.

"ఇంత కొట్లాడి గెలిచాక నిన్నటి ధరంటావేంట్రా, వెధవా!"

దుప్పటి చంకన పెట్టుకుని, డబ్బు కట్టే వరసలోకి దర్జాగా నడిచింది.