బండ మీది పసుపు

కొన్నేళ్ళ కిందట సింగరాయకొండ దగ్గర బస్సు ఆగిపోతే, ఊరికే కూర్చోలేక పక్కనున్న గుట్టెక్కాను. అక్కడ ఒక పెద్దావిడ బండకు అంటుకున్న పసుప్పచ్చటి పొరను కొడవలితో గీకి కొంగులో పోసుకుంటోంది.

"అమ్మవారి పసుపయ్యా. మనవడికి కామెర్లు."

"పసుపు కాదమ్మా, లైకెన్. నాచూ బూజూ కలిసి బతికే ప్రాణి. గోరంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. పిల్లాణ్ణి డాక్టరుకు చూపించండి."

"చూపించాంలే. ఇంతకుముందు ఈ చుట్టుపక్కల గుట్టలన్నిటి మీదా ఉండేది. అమ్మ అలిగి ఒక్కో గుట్టా వదిలి పోయింది. ఇక ఈ బండే మిగిలింది."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మ అలగడమేంటి? మీరే గీకి తినేశారు!"

ఆవిడ నవ్వింది. "అట్టా చెబితే ఎవురింటారయ్యా? అమ్మ కల్లోకొచ్చి ముట్టుకోవద్దందని చెప్పు. రేపట్నించి ఒక్కడు కొడవలి పెడితే నన్నడుగు."

పులిని చంపితే జైలు. దీన్ని తుడిచిపెడితే అడిగే దిక్కు లేదు. ఈ దేశంలో ఒక ప్రాణి బతకాలంటే దానికి దేవత పూనాల్సిందేనా? కలలో దేవుడు కనిపించాడనే వాళ్ళతో జీవితమంతా వాదించినవాణ్ణి. ఆ అబద్ధం నా నోట రాలేదు.

నేను దిగుతుంటే ఆవిడ మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.