ట్యాంకరుకు పోసిన యూరియా

రిటైరయ్యే ముందటి వేసవిలో నేను అనంతపురంలో ఒక లారీల వర్క్‌షాపుకు సీనియర్ సర్వీస్ ఇంజినీరుని. దారిలో ఆగిపోయిన బళ్ళ దగ్గరికి స్కానర్ పట్టుకుని పోవడం టెక్నీషియన్ల పని. వాళ్ళ చేత కాకపోతేనే నేను కదలాలి. ఆ రోజు ముహూర్తాలుండి టెక్నీషియన్లందరూ పెళ్ళిళ్ళకు పోయారు. నేనూ పెళ్ళికే పోవలసి వచ్చింది, కాకపోతే లారీ కిందికి.

ఉరవకొండ దాటాక టీ కొట్టు ముందర నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. అంతదాకా ఈడ్చుకుంటూ వచ్చిందట. డ్రైవర్ ఓబులేసు టీకి ఆపాక మళ్ళీ స్టార్ట్ కాలేదు. పక్కన పెళ్ళికూతురి తండ్రి వన్నూరప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఊళ్ళో బోర్లు ఎండిపోయాయి. పెళ్ళి వంటకీ, వియ్యాలవారి కాళ్ళు కడగడానికీ ఈ ట్యాంకరే దిక్కు.

"మగపెళ్ళోళ్ళు బయలుదేరినారంట. నీళ్ళు ల్యాకపోతే నా మొగం యాడ పెట్టుకోవాలప్పా?" అన్నాడు.

స్కానర్ తగిలిస్తే పి-207-ఎఫ్ అనే కోడు వచ్చింది. పొగను శుభ్రం చేసే ద్రవం నాణ్యత బాగాలేదని దాని అర్థం. కొత్త డీజిల్ బళ్ళలో ఆ ద్రవానికి వేరే ట్యాంకు ఉంటుంది. అది చెడితే బండి ముందు బలం తగ్గించుకుంటుంది, తర్వాత మొండికేస్తుంది. అందులో ఏం పోశావని ఓబులేసును అడిగాను.

"యూరియానే పోసినా."

"ఏ యూరియా?"

"చేనుకు చల్లంగా మిగిలిండేది. బోరు నీళ్ళల్లో కలిపినా. బండి ఇచ్చేటప్పుడు యూరియా పొయ్యమని మీవాళ్ళే గదన్నా చెప్పిండేది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరిని తిట్టాలి? ఆ ద్రవం శుద్ధమైన యూరియాను ఉప్పులేని నీళ్ళలో కలిపి ఫ్యాక్టరీలో చేసేది, వర్క్‌షాపులో మేమంతా దాన్ని యూరియా అనే అంటాం.

ఆ ద్రవం ట్యాంకు దించి కడగాలి. బోరు నీళ్ళు పనికిరావు, అందులో ఉప్పెక్కువ. డిస్టిల్డ్ వాటర్ కావాలి, బ్యాటరీ షాపు నుంచి క్యాన్లు తెప్పించమన్నాను. వన్నూరప్ప ట్యాంకరు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని నీళ్ళు ల్యావంటావేమప్పా!"

ఆ క్యాన్లు వచ్చేలోగా వంటవాళ్ళు గుండిగలతో ఆటోల్లో దిగారు. నీళ్ళు రాకపోతే నీళ్ళ దగ్గరికే మేమొస్తామని రోడ్డు పక్కన పొయ్యిలు వెలిగించారు. నేను లారీ కింద పడుకుని ట్యాంకు విప్పుతుంటే నా తల పక్కనే ఒకామె వంకాయలు తరుగుతోంది. కడిగి బిగించి, నా సర్వీసు వ్యానులో తెచ్చిన అసలు ద్రవం పోసి, కోడు చెరిపాను. ఇంజను అందుకునే సమయానికి పొయ్యిలు చూసి మగపెళ్ళివారి బస్సు ఆగింది. జనం దిగి చెప్పులు విడుస్తున్నారు.

"పెండ్లి ఈడేనా?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

ఓబులేసు ట్యాంకరు కొళాయి తిప్పాడు.

"అన్నం ఈడ, పెండ్లి ఆడ. ముందు కాళ్ళు కడుక్కోండన్నా, నీళ్ళు దండిగా ఉండాయి."

వియ్యంకుడు పకపకా నవ్వాడు. అప్పటికి గానీ వన్నూరప్ప ఊపిరి పీల్చుకోలేదు. కాళ్ళు కడుక్కోవడాలయ్యాక సగం ఖాళీ అయిన ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ బస్సు కంటే ముందు ఊళ్ళోకి పోయింది.

మర్నాడే, బండి అప్పగించేటప్పుడు యూరియా అనే మాట ఎవరూ ఎత్తకూడదని ఆర్డరేశాను. డ్రైవరు మనం చెప్పిన మాటనే తెచ్చి ట్యాంకులో పోస్తాడు.