కోత పండుగ వేలంలో దొరగారి పత్తిచేను

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను లేచిపోతాను. బైబిలు మీద చెయ్యి పెట్టమన్నా పెడతాను... ఇది నా కళ్ళతో చూసింది. నా కాళ్ళతో తొక్కింది.

మాది పర్చూరు వైపు. ఎనభైల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడు. మా అన్నయ్య దావీదు చేనంతా జిగురు పట్టి నల్లబడిపోయింది. కాయ పగల్లేదు. అన్నయ్య మాట్లాడటం మానేశాడు. వదిన సుగుణ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. పక్క ఊళ్ళో ఒక రైతు పురుగుమందు తాగి పోయాడు. మా ఇంట్లో కూడా అటక మీద ఆ డబ్బా ఉంది. అన్నయ్య కళ్ళు అటువైపు తిరిగితే చాలు, ఏదో పని చెప్పి లేపేసేవాణ్ణి.

అప్పుడే కోత పండుగ వచ్చింది. ఆ రోజు మా గుడి ముందు వేలం పాట ఉంటుంది. గుమ్మడికాయో, కోడిపుంజో, ఎవరికి పండింది వాళ్ళు దేవుడికి తెచ్చిస్తారు. పాట పాడి గెలిచినవాడు కూడా దాన్ని వెంటనే ఇంటికి తీసుకుపోడు. మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తాడు. మళ్ళీ పాట. అలా కనీసం ఒక్కసారైనా తిరిగొస్తేనే దానికి ఆశీర్వాదం అని మావాళ్ళ నమ్మకం.

ఆ ఏడు మా మిషను దొరగారు అమెరికా వెళ్ళిపోతూ బంగళాలోని పటాలన్నీ గుడికి వదిలేశారు. అన్నీ ఆ దేశంలో రంగులతో వేసినవే. గుర్రబ్బండ్లు, పడవలు, టోపీల పిల్లలు. వాటిని తెచ్చి గుమ్మడికాయల పక్కన నిలబెట్టారు! పాట పెట్టేది సంఘ పెద్ద ఇశ్రాయేలు తాత. ఆయన ఒక పటం పైకెత్తగానే జనమంతా గొల్లుమన్నారు.

"ఓర్నాయనో! పత్తిచేనురా!"

నిజమే. రాత్రిపూట పొలం. గట్టు నుంచి గట్టు దాకా తెలుపు. మధ్యమధ్య నల్లటి మోళ్ళు. దూరంగా ఇల్లు, గేటు దగ్గర లాంతరు పట్టుకుని ఒక ముసలాయన. అమెరికాలో కూడా పత్తి ఇంత విరగకాస్తుందా అని అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం.

ఎన్నాళ్ళకో అన్నయ్య నోరు విప్పాడు. పాట పాడాడు. ఎవరు పెంచితే వాళ్ళ మీద పెంచాడు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! దావీదుదే!" అని తాత పటం చేతికిచ్చి, "ఇక దేవుడికి తిరిగియ్యి నాయనా, మళ్ళీ పాడదాం" అన్నాడు.

"ఇయ్యను తాతా. ఈ ఏడు నాకు పండిన చేను ఇదొక్కటే."

అన్నయ్య పటాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి, నడవాలో తగిలించాడు. దాన్నే చూస్తూ అన్నం తిన్నాడు. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు.

ఆ రాత్రి కరెంటు పోయింది. ఉక్కకు మెలకువ వచ్చింది. అప్పుడు వినిపించింది.

కరక్... కరక్... కరక్...

ఎవరో నడుస్తున్నారు. మట్టి మీద నడక కాదు. చినగంజాంలో ఉప్పు కుప్పలెక్కితే కాలి కింద వస్తుందే... అచ్చం ఆ చప్పుడు. ఆగింది. మళ్ళీ కరక్... టార్చి తీసుకుని నడవాలోకి వెళ్ళాను. పటం ముందు చలి! ఐసు ఫ్యాక్టరీ తలుపు తీసినట్టు మొహానికి కొట్టింది. అన్నయ్య మంచం చూశాను. ఖాళీ. అటక మీద వేశాను టార్చి...

డబ్బా లేదు.

పెరటి కంప దాటి పరిగెత్తాను. చేను మా ఇంటి వెనకే. కాళ్ళు చేలో పెట్టి... నిలబడిపోయాను.

చేనంతా తెల్లగా ఉంది.

వెన్నెల లేదు. పొద్దున నేను చూసిన చేను బొగ్గులా నల్లగా ఉంది. ఇప్పుడేమో గట్టు నుంచి గట్టు దాకా తెలుపు... అడుగేస్తే కాలి కింద కరక్. మధ్యలో అన్నయ్య నిలబడ్డాడు. చేతిలో డబ్బా. మూత తీయలేదు. ఇంటివైపే చూస్తున్నాడు.

"ఒరేయ్... గేటు దగ్గర లాంతరు పట్టుకుని ఎవర్రా? రమ్మంటున్నాడు."

మా ఇంటికి గేటు లేదండీ. ఉన్నది ముళ్ళకంప. కానీ వెనక్కి తిరిగితే... అక్కడ వెలుగు. పసుప్పచ్చగా, మనిషి నడుము ఎత్తులో. కదలకుండా.

డబ్బా లాక్కున్నాను. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆ వెలుగు వైపే నడిచాను. ఇంకెటు వెళ్ళను? కంప దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు. చీకటి. ఇద్దరి కాళ్ళూ తడిసి కొయ్యబారిపోయాయి.

తెల్లారి చూస్తే చేను మామూలే. నల్లగా.

ఆదివారం పాస్టరమ్మగారు మా ఇంటికి ప్రార్థనకు వచ్చారు. ఆవిడ దొరసాని దగ్గర చాలా ఏళ్ళు పనిచేశారు. పటం చూసి నవ్వారు.

"పత్తేంటయ్యా మీ మొహం! అది ఐసు. వాళ్ళ దేశంలో ఆకాశం నుంచి పడుద్ది. నడిస్తే కరకరమంటదంట. దొరసాని వాళ్ళ నాన్నగారు ఏదో కథల పుస్తకానికి వేసిన బొమ్మ. ఆ కథలో రైతు ఒకడు ఐసులో దారి తప్పుతాడు. ఆ రైతు నాన్న లాంతరు పట్టుకుని గేటు కాడ నిలబడతాడు."

నేను పటం దగ్గరికి జరిగాను. "ఆ రైతు ఇల్లు చేరాడా అమ్మగారూ?"

"ఏమో నాయనా. ఆ పుస్తకం నేను చదవలా."

ఆ డబ్బా నేనే కాలవలో పారేశాను. కానీ మరుసటి ఏడూ పత్తి పోయింది. అన్నయ్య ఇంకో డబ్బా కొన్నాడు. నేను చీరాలలో ఉన్నాను ఆ రాత్రి. వదిన పసిబిడ్డతో ఇంట్లోనే ఉంది, ఏ చప్పుడూ వినలేదంది. పొద్దున చేలో దొరికాడు. ఇంటివైపు మొహం పెట్టి, కళ్ళు తెరిచి...

ఆ ముసలాయన ఆ రాత్రి కూడా నిలబడ్డాడా? నిలబడితే మా అన్నయ్య ఎందుకు రాలేదు? నిలబడకపోతే మొదటిసారి ఎందుకు పిలిచాడు? ఇన్నేళ్ళు తల బద్దలు కొట్టుకున్నా నాకు తెలియలేదు.

పటం గుడికి తిరిగిచ్చేద్దామంటే వదిన ఒప్పుకోదు. ఇప్పటికీ కరెంటు ఉన్నా సరే, పొద్దుగూకగానే పెరటి కంప దగ్గర లాంతరు వెలిగించి పెడుతుంది. ఎవరి కోసమని నేను అడగలేదు.