సముద్రం కనిపించే గది

నా చిన్నప్పుడు మా ఇంట్లో సముద్రం ఒక తగువు. మేమున్నది తార్నాకలో, రెండు గదుల అద్దె పోర్షన్‌లో. సముద్రమేమో విశాఖపట్నంలో, మా పెద్దమ్మ ఇంటి ముందు. రామంతాపూర్‌లో మాకున్న చిన్న స్థలం అమ్మేసి అక్క పక్కనే ఇల్లు కట్టుకోవాలని అమ్మ పట్టు. యూనివర్సిటీ క్యాంపస్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వదిలి కొత్త ఊళ్లో ఏం చేస్తానని నాన్న దిగులు.

"మీ బావదీ నాలాంటి ఉద్యోగమే కదా. అంత ఖరీదైన చోట ఎట్లా నెట్టుకొస్తున్నాడో ముందు అది కనుక్కో," అనేవాడు నాన్న.

"మా అక్కకు పొదుపు తెలుసు. మీకు తెలీదు," అనేది అమ్మ. అక్కడితో ఆ పూటకు మాటలు బంద్.

నేను అమ్మ పక్షం. అప్పటికి సముద్రాన్ని చూడలేదు గానీ, దాని గురించి లైబ్రరీలో దొరికిందల్లా చదివేశాను. ఆటుపోట్లు ఎందుకొస్తాయో, పగలు సముద్రం మీంచి వీచే గాలి రాత్రికి ఎందుకు దిశ మార్చుకుంటుందో, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. తర్వాత కాలేజీ గడప తొక్కలేకపోయాను. నాకున్న చదువంతా ఆ లైబ్రరీ బల్ల పెట్టిందే. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ సముద్రం ముందు ఇళ్లలో మనుషులు ఎలా బతుకుతారో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఒక ఏడు అమ్మ పంతం నెగ్గింది. స్థలం కొనేవాళ్లు ఆదివారం బయానాతో వస్తామన్నారు. ఆ వారంలోనే పెద్దమ్మ దిగింది. ఏటా దసరాకి రావడం, దీపావళి దాకా ఉండడం ఆమెకు అలవాటు. ఎప్పటిలాగే ట్రంకుపెట్టె, పచ్చడి జాడీలు, పాత చీరలో చుట్టిన దేవుడి పటాలు, దీపపు కుందులు. రిక్షాలోంచి అవన్నీ దించుతుంటే పక్కింటి అక్క గోడ మీంచి తొంగిచూసింది.

"ఏంది పెద్దమ్మా, దేవుళ్లకు గూడ టికెట్ తీసినవా? పండుగకు వచ్చినవా, ఇల్లు ఖాళీ చేసి వచ్చినవా?"

అందరం నవ్వాం. పెద్దమ్మ నవ్వలేక నవ్వింది.

నాకు కాలు నిలవలేదు. ఆమె వెంటపడి ప్రశ్నలు. దసరా రోజుల్లో సముద్రం ఏ రంగులో ఉంటుంది? చంద్రుడు నీళ్లలోంచే లేస్తాడా? పెద్దమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "ఏమో పాపా, నేను చూసినప్పుడు చెప్తాలే," అనేది. ఇంటి ముందే సముద్రం ఉన్న మనిషి అలా అంటుందేమిటని నాకు చిరాకు.

శనివారం పొద్దున్నే నన్ను క్యాంపస్‌కి నడకకు తీసుకెళ్లింది. యూనివర్సిటీ పెద్ద రాతి భవనం ఎదుట, దారి పక్కన కూర్చున్నాం. ఒక పుల్ల నా చేతికిచ్చి, "సముద్రం ముందర నీ ఇల్లెట్లుండాలో గీయి చూద్దాం," అంది. మట్టిలో ఉత్సాహంగా గీశాను. ముందు వరండా, సముద్రం కనిపించే గది, హాలు, వంటిల్లు, వెనక పంచ. మంచం ఎక్కడేయాలో, పుస్తకాల బీరువా ఎక్కడుండాలో కూడా.

"బాగుండాది. ఇప్పుడొక ఆట. ఈ దోవన ఎవరొచ్చినా వాళ్లు అద్దెకొచ్చినట్లు. నువ్వు ఒక గది ఖాళీ చేయాల."

కర్ర పట్టుకుని ఒక ముసలాయన నడిచొచ్చాడు. పంచ ఇస్తానన్నాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "పంచలో పండుకోను ఇంత దూరం వస్తారా? సముద్రం కనిపించే గదే అడుగుతారు." ఆ గది చెరిపేసింది. పాలక్యాను సైకిలు పోయింది, హాలు పోయింది. ఇద్దరు విద్యార్థులు మాట్లాడుకుంటూ దాటారు. వరండా, వంటిల్లు పోయాయి. వెనక పంచలో మోకాళ్లు ముడుచుకున్నట్టు నేను మిగిలాను. అంతలో హాస్టల్ వైపు నుంచి ఒక గుంపే వచ్చింది.

"ఇది అన్యాయం! ఇల్లు నాది కదా. ఇంక నేనెక్కడుండాలి?" అని పుల్ల విసిరేశాను.

"తార్నాకలో," అంది పెద్దమ్మ.

పెద్దమ్మ విడమర్చి చెప్తే గానీ నాకు అర్థం కాలేదు. దసరాకి గాలి మార్పు కోసం ఎక్కడెక్కడి నుంచో జనం విశాఖ వస్తారట. వాళ్లకు ఇల్లంతా ఇచ్చేస్తే ఆ అద్దెతో ఇంటి అప్పు తీరుతుందట. పెదనాన్న ఆఫీసు స్నేహితుడి గదిలో సర్దుకుంటాడు. ఎండాకాలంలోనూ అంతే. "మా ఇంటి పక్క స్థలంలో కట్టుకున్నా మీ గతీ ఇదే. మీ అమ్మ పక్కనుంటే నాకూ బాగుంటాది. అందుకే నోరు రాలేదు," అంది. ఆమె కళ్లు నా మీద లేవు, చెరిగిన గీతల మీద ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఓళిగలకు పూర్ణం రుబ్బుతోంది. నేను ఆగలేక అంతా చెప్పేశాను. పొత్రం ఆగిపోయింది. అమ్మ చేయి కడుక్కోకుండానే ముందు గదిలోకి వెళ్లింది.

"అక్కా, ఈ పండగకి నీ ఇంట్లో దీపమెవరు పెడతారే?"

"దీపమా? నా పొయ్యి మీద వాళ్లు చేపలు వేయించుకుంటా ఉంటారే!"

ఇద్దరూ ముందు నవ్వారు. తర్వాత ఎవరు ముందు ఏడ్చారో నాకు తెలియదు.

ఆదివారం వచ్చినవాళ్లకు అమ్మే కాఫీ ఇచ్చి, స్థలం అమ్మడం లేదని చెప్పింది. నాన్న గెలిచినట్టు మాట్లాడలేదు. రామంతాపూర్‌లో ఏళ్ల తరబడి ఒక్కో గదీ కట్టుకుంటూ వచ్చాం. సాయంత్రాలు అమ్మ మేడ మీద తూర్పు వైపు తిరిగి నిలబడేది. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఆమె సుఖపడేదా అని అప్పుడప్పుడు ఇప్పటికీ మనసు పీకుతుంది.

మొన్న మా తమ్ముడి కూతురు విశాఖలో తాను కొనబోయే ఫ్లాట్ ఫోన్‌లో చూపించింది. కిటికీ నిండా నీలం. జీతం కిస్తీకి చాలదట, రోజుల లెక్కన అతిథులకు ఇస్తుందట. ఎవరి గృహప్రవేశానికి వెళ్లినా నా నోటికొచ్చే ప్రశ్నే దాన్నీ అడిగాను.

"ఇందులో నువ్వెప్పుడుంటావే?"

"ఎవరూ బుక్ చేసుకోనప్పుడు, అత్తా," అంది నవ్వుతూ. ఆ తర్వాత ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, దసరా సెలవులను వేలితో లెక్కపెట్టుకుంది.