కళ్ళు మూసుకున్నవాళ్ళకు చెప్పే మొదటి మాట

నేను గొంతు విప్పి మాట్లాడగలిగే చోటు ఒక్కటే ఉంది. అక్కడ అందరూ కళ్ళు మూసుకుని ఉంటారు.

అది మా కంపెనీలో కళ్ళకు విశ్రాంతి ఇచ్చే గది. పటాన్‌చెరు దాటాక పారిశ్రామికవాడలోకి తిరిగే రోడ్డు మీద, ఇంజక్షన్ మందులు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. మందు నింపి మూత బిగించిన చిన్న గాజు సీసాలు మా బల్లల మీదికి వస్తాయి. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని, మెల్లగా తిప్పి, దీపం కింద నల్ల పలక ముందు ఒకసారి, తెల్ల పలక ముందు ఒకసారి పెట్టి చూడాలి. నల్లదాని ముందు దారపు పోగులు, గాజు తునకలు కనిపిస్తాయి. తెల్లదాని ముందు నల్ల నలకలు కనిపిస్తాయి. బాగుంటే కుడివైపు, లేకుంటే ఎడమవైపు. మళ్ళీ ఇంకోటి. గదికి కిటికీలు లేవు. తల నుంచి పాదాల దాకా తెల్ల బట్ట, మూతికి మాస్కు. బయట ఎండ కాసిందో వాన పడిందో సాయంత్రం బస్సు ఎక్కేదాకా తెలియదు.

కళ్ళు అలిసిపోతే నలక తప్పిపోతుందని గంటకోసారి మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెడతారు. ఫోన్లు లాకర్లలో ఉంటాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో గోడకు తలలు ఆనించి కళ్ళు మూసుకోవాలి. నిద్రపోతే మాత్రం సూపర్‌వైజరు ఊరుకోడు. కళ్ళు మూసుకుని మెలకువగా ఉండటం ఎంత కష్టమో చేసి చూసినవాళ్ళకే తెలుస్తుంది. అందుకని ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతూ ఉండాలి, మిగతావాళ్ళు ఊఁ కొడుతూ ఉండాలి. ముఖాలు చూసుకోం కాబట్టి ఎవరు వింటున్నారో, ఎవరు జారిపోయారో చెప్పేది ఆ ఊఁ ఒక్కటే.

ఊఁ కొట్టడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు నేను తెలుగు వాచకం పైకి చదువుతుంటే మా నాయిన తువ్వాల కళ్ళ మీద వేసుకుని పడుకుని ఊఁ కొట్టేవాడు. ఆయన సెక్యూరిటీ గార్డు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. నేను ఆపితే, "పండుకున్న అనుకున్నవా? చదువు," అనేవాడు.

కంపెనీలో చేరిన కొత్తలో నేను ఊఁ కొట్టడం తప్ప ఏమీ చేయలేదు. అత్తల సంగతులు, టీవీ సీరియళ్ళు, కిరాయి ఇంటి ఓనర్ల గొడవలు, అన్నీ వినేదాన్ని. ఒకరోజు ఎవరి దగ్గరా సరుకు లేకపోయింది. సంగారెడ్డి నుంచి వచ్చే పెద్దక్క, మా అందరిలో వయసులో పెద్దది, విసుక్కుంది.

"గా మూలకు కూసున్న పిల్లకు నోరున్నదా లేదానే? బస్సుల గూడ పుస్తకం ముంగటేసుకునే కూసుంటది. ఒక్క కత చెప్పరాదు?"

నేను కళ్ళు కొంచెం తెరిచి చూశాను. ఒక్కరు కూడా నా వైపు చూడటం లేదు. అన్ని రెప్పలూ మూసి ఉన్నాయి. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను. వర్షాకాలమని, ఆకాశం నిండా నల్లమబ్బులు కమ్మాయని, ఊరి చివర పెంకుటిల్లు తడుస్తూ ఉందని చెప్పాను. పుస్తకాల్లో చదివినదంతా పేర్చాను.

లక్డారం ఊరి నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉంది, నాకంటే చిన్నది, నోరు పెద్దది. "అక్కా, వానకాలమని మాకు గూడ తెల్సు. ఆరేసిన బట్టలు తీసుకురావాల్నా ఏంది?" అంది. అందరూ నవ్వారు. పెంకుటింటి తలుపు తెరుచుకునే లోపల ఊఁలన్నీ ఆగిపోయాయి.

నాకు పౌరుషం వచ్చింది. రెండోసారి వానా లేదు, ఇల్లూ లేదు. "పొద్దున్నే ఆమె శవం బావిలో తేలింది," అన్నాను. కుర్చీలు కిర్రుమన్నాయి. అంత గట్టిగా ఊఁ వినడం అదే మొదలు. కానీ నాలుగు మాటలు చెప్పేసరికి అది సన్నబడింది. చివరికి పెద్దక్క అంది: "ఎవలామె? మాకేమైతది? సచ్చినంక తెచ్చి సూపిస్తివి. ఇగ మేమేం జెయ్యాలె, ఏడ్వాల్నా?"

ఆరోజు బల్ల దగ్గర సీసా తిప్పుతూ దాని గురించే ఆలోచించాను. మా పనిలో మొదట నేర్పేది బుడగకూ నలకకూ తేడా. రెండూ మెరుస్తాయి. సీసా తిప్పగానే రెండూ కదులుతాయి. కొత్తవాళ్ళు బుడగను చూసి భయపడి మంచి సీసాను పక్కన పడేస్తారు. బుడగ పైకి పోతుంది, పోయి పగిలిపోతుంది. నలక మాత్రం చుట్టూ తిరిగి నెమ్మదిగా కిందికి దిగుతుంది. దిగుతున్నంతసేపూ కన్ను దాని వెంటే పోతుంది. బావిలో శవం బుడగ. వానాకాలం అసలు తిప్పని సీసా.

కొన్నాళ్ళ తర్వాత ఇంకో కథ ఇలా ఎత్తుకున్నాను: "పెళ్ళి భోజనాలై అందరూ లేచినంక, పెళ్ళిపిల్ల తన పక్కన ఇంకో విస్తరి వెయ్యమన్నది." ఎవరూ కుర్చీలో కదల్లేదు. గట్టిగా ఊఁ కూడా రాలేదు. ముందు కాస్త నిశ్శబ్దం, తర్వాత లక్డారం పిల్ల గొంతు తగ్గించి, "ఎవలికి?" అంది. మాతో పాటు ఒడిశా అమ్మాయి ఒకతి ఉంటుంది. ఆమెకు తెలుగు అరకొరగా వస్తుంది. ఆమె కూడా, "ఫిర్ క్యా హువా, దీదీ?" అని తర్వాతేమైందో అడిగింది. నేను చెప్పిన దాంట్లో ఆమెకు ఎన్ని మాటలు అర్థమయ్యాయో తెలియదు. మిగతా వాళ్ళ నిశ్శబ్దం అర్థమై ఉంటుంది.

అప్పటి నుంచి డైరీలో రోజు సంగతులు రాయడం తగ్గించి, మొదటి వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. కొల్లూరులో మా ఇంటికి వచ్చే బస్సు రింగురోడ్డు దగ్గర ఆగి ఆగి కదులుతుంది. ఆ కుదుపుల్లోనే ఎన్నో రాశాను, ఎన్నో కొట్టేశాను. ఆ వాక్యాల్లో పెద్ద సంఘటన ఉండనక్కర్లేదు. ఎవరో ఒకరికి ఏదో కావాలి, అది ఆ చోట ఇమడకూడదు. అంతవరకు నాకు తెలిసింది. నాకు నచ్చిన వాక్యాలు రాయగలుగుతున్నానని ఒక రహస్యపు సంతోషం ఉండేది. బయటి బతుకులో మాత్రం ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టలేకపోయాను.

దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, ఒక వారపు సెలవునాడు తెలుగు ఎమ్మేకి ప్రవేశ పరీక్ష రాసి వచ్చాను. ఎక్కడికి వెళ్ళావని ఇంట్లో అడగలేదు, నేనూ చెప్పలేదు. సీటు వచ్చింది. నగరంలో విశ్వవిద్యాలయం, హాస్టలు, రోజంతా తరగతులు. సోమవారం లోపల వెళ్ళి చేరకపోతే పోతుంది.

అదే వారంలో కంపెనీలో నన్ను పర్మినెంట్ చేస్తున్నామన్నారు. రెండేళ్ళు మానకూడదని ఒప్పందం. దాని మీద కూడా సోమవారమే సంతకం పెట్టాలి. ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. మా నాయిన తన పై అధికారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఆయన చేత మా కంపెనీలో ఎవరికో చెప్పించాడు. నాయిన ఎవరినీ ఏమీ అడగని మనిషి. నా కోసం అడిగాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నోటి దాకా వచ్చిన మాటను మింగేసేదాన్ని. వద్దని నన్నెవరూ కట్టేయలేదు. నేను పర్మినెంట్ అవుతున్నానని అమ్మ పక్క ఫ్లాటు వాళ్ళకు చాయ్ పోసి మరీ చెప్పింది. ఆ సంతోషం మధ్యలో కూర్చుని నేనూ చాయ్ తాగాను.

నాయినకు చెప్పాల్సిన మొదటి మాట కోసం డైరీలో పేజీలు నింపాను. 'నాయినా, ఒక మాట చెప్పాలె.' దీనికి ఆయన జవాబు నాకు తెలుసు: రేపు చెప్పు బిడ్డా. 'నాయినా, నాకు సీటొచ్చింది.' సంతోషపడతాడు, ఆదివారం ఆదివారం చదువుకునేది అనుకుంటాడు, నేను తలూపుతాను. 'నాయినా, నేను నౌకరి మానేస్త.' ఇది బావిలో శవమే. దీని తర్వాత రెండో మాట ఎవరూ వినరు.

శుక్రవారం విశ్రాంతి గదిలో పెద్దక్క, "ఏమే కతల పిల్లా, గీ వారమంత సప్పుడు లేదు. అందర్లకు నిద్రొస్తుంది, జెర షురూ జెయ్యి," అంది. నా దగ్గర కథ లేదు. అనుకోకుండా నోట్లోంచి వచ్చేసింది:

"ఒక పిల్ల సోమవారం పొద్దున రెండు చోట్ల సంతకం పెట్టాలె."

ఒకరి వెనక ఒకరు ఊఁ అన్నారు. లక్డారం పిల్ల, "ఏడేడ అక్కా?" అని అడిగింది.

అదొక్కటే ప్రశ్న. జవాబు నా నాలుక చివరే ఉంది. కానీ నేను భయపడిపోయాను. ఆ పిల్ల ఒక రాజు కూతురని, రెండు రాజ్యాల నుంచి దూతలు వచ్చారని, ఏదేదో అల్లాను. ఊఁలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఒడిశా అమ్మాయి ఆవలించింది. లక్డారం పిల్ల, "రాజు బిడ్డకు సంతకమెందుకే, వేలిముద్ర ఏస్తది గని," అని గోడ వైపు తిరిగింది.

మళ్ళీ లోపలికి వెళ్ళే ముందు చేతులు కడుక్కుంటుంటే పెద్దక్క నా పక్కకు వచ్చింది.

"షురూ జేసినప్పుడు నా ఒళ్ళు జల్లుమన్నదే. నడుమల రాజు యాడికెల్లి వచ్చిండు?"

"ఊకెనే అక్కా."

"ఊకెనే గాదు. గా ముచ్చట నీదే." ఆమె నా ముఖంలోకి చూడలేదు, నీళ్ళ వైపే చూస్తూ అంది. "ఎన్కకు మర్లి ఉరుకనీకి ఒక తలుపు తెరిసి పెట్టుకున్నవ్. వినేటోళ్ళకు తెలుస్తది పిల్లా. నువ్వే ఉంటలేవు, మేమెందుకు కూసోవాలె?"

మాస్కు కట్టుకుంది కనుక ఆమె నవ్విందో లేదో తెలియలేదు. చేతులు ఆరబెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎన్ని సీసాలు చూశానో, ఏ పక్కన పెట్టానో తెలియదు, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. మొదటి వాక్యం వినేవాళ్ళను పట్టుకోవాలని మాత్రమే నేను ఇన్నాళ్ళు అనుకున్నాను. వాళ్ళు పారిపోకుండా చూడాలి, అంతే. చెప్పేవాళ్ళు కూడా పారిపోకూడదని నాకు తోచలేదు. పెళ్ళిపిల్ల ఇంకో విస్తరి వేయమన్నాక నేను ఆ విస్తరి ముందు ఎవరో ఒకరిని కూర్చోబెట్టి తీరాలి, ఇంకో దారి లేదు. అందుకే ఆ కథ నిలబడింది. నాయిన కోసం రాసుకున్న వాటిలో దేనికైనా సరే, ఆయన కనుబొమ్మ ముడిపడితే చాలు, 'ఏం లేదులే నాయినా' అని తప్పుకునే సందు ఉంది. ఆ సందులన్నీ నేనే జాగ్రత్తగా కట్టుకున్నాను. ఇంకో సంగతి కూడా కనిపించింది. వాటన్నిటిలోనూ నేనే ఉన్నాను, నాకు సీటు, నా చదువు, నా నౌకరి. వినాల్సిన మనిషి ఒక్కదాంట్లోనూ లేడు.

శనివారం చెప్పలేదు. ఆదివారం పొద్దున నాయిన డ్యూటీ నుంచి రాగానే కూడా చెప్పలేదు. ఆయన తిని, హాల్లో చాప మీద పడుకుని కళ్ళ మీద తువ్వాల వేసుకున్నాడు. కారిడార్‌లో పిల్లలు బంతి ఆడుతున్నారు, కింద ఎవరో లిఫ్టు తలుపు వేయమని అరుస్తున్నారు. అమ్మ వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను చాప పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాయిన నిద్రపోలేదని ఊపిరిని బట్టి తెలుస్తోంది. ఆ తువ్వాల తీసి ఉంటే నేను ఎప్పటికీ మొదలుపెట్టేదాన్ని కాదు.

"నాయినా, నువ్వు మీ సారు ముంగట చేతులు కట్టుకోని ఇప్పిచ్చిన నౌకరికి, రేపు నేను సంతకం పెడ్తలేను."

చిక్కుడుకాయలు విరిచే చప్పుడు ఆగిపోయింది. అమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది. తువ్వాల కదల్లేదు. వెనక్కి తీసుకోవడానికి నాకు ఏ మాటా దొరకలేదు. వెతికాను కూడా. దొరకలేదు.

చాలాసేపటికి తువ్వాల కింద నుంచి వచ్చింది.

"ఊఁ."

అప్పుడు సీటు గురించి చెప్పాను. పరీక్ష రాసిన రోజు గురించి, హాస్టలు గురించి చెప్పాను. ప్రతి మాట వెనకా ఇంకో మాట వచ్చి నిలబడుతోంది. ఆయన ఒకటి రెండు చోట్ల ఊఁ అన్నాడు. ఒకచోట, "సారుకు ఏం చెప్పాల్నే నేను?" అన్నాడు, నన్ను అడిగినట్టు కాదు, ఫ్యానును అడిగినట్టు. నాకూ తెలియదన్నాను. "చదివినంక ఏమైతవ్?" అన్నాడు. అదీ తెలియదనే చెప్పాను.

ఆ తర్వాత ఊఁ ఆగిపోయింది. పిల్లల బంతి మా తలుపుకు తగిలి దొర్లిపోయింది. అమ్మ నన్ను చూస్తోంది, ఆ చూపులో ఏముందో చూసే ధైర్యం నాకు లేదు. నాయిన గుండె మీద చేయి నెమ్మదిగా లేస్తోంది, దిగుతోంది. కోపంతో నిద్రపోయాడేమో, వినడం ఇష్టం లేక నిద్ర నటిస్తున్నాడేమో అనుకున్నాను. రేపు పొద్దున ఆ కిటికీలు లేని గదిలోకే పోతానని దాదాపు నమ్మేశాను. లేచి వెళ్ళడానికి నేల మీద చేయి ఆనించాను.

"పండుకున్న అనుకున్నవా?" అన్నాడు నాయిన, తువ్వాల తీయకుండానే. "చెప్పు."