ఏడో ఛానల్, ఎనిమిదో ఛానల్

నేను మనిషిని కొట్టింది జీవితంలో ఒక్కసారే, అదీ చర్చిలో.

అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధన జరుపుకుంటాం. మైకుల పని నాది. మా ఆవిడ పాడేది. వారమంతా వంటింట్లో సాధన చేసేది, ఆ ఒక్క పాటే ఆవిడ ప్రాణం. కీబోర్డు వాయించే కుర్రాడు కూడా పాడేవాడు. ఇద్దరివీ వైర్‌లెస్ మైకులు. బైబిల్లో ఏడు పరిపూర్ణ సంఖ్య కనుక మా ఆవిడ మైకు ఏడో ఛానల్లో పెట్టాను. ఆరంటే సైతాను అంకె అని మావాళ్లకు గిట్టదు, అందుకని అతనిది ఎనిమిదిలో పెట్టాను.

అప్పటినుంచి ఆవిడ పల్లవి ఎత్తుకోగానే స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చేవారు. ఆవిడ మధ్యలోనే ఆపేసి తల దించుకుని కూర్చునేది. రెండు ఫ్రీక్వెన్సీలు మరీ పక్కపక్కనే ఉన్నాయని, ఒకదాని సిగ్నల్ ఇంకోదాని మీద పడుతోందని అతను రెండుసార్లు చెప్పాడు. నాకు నేర్పొద్దన్నాను. కావాలనే పాట చెడగొడుతున్నాడని ఒళ్లు మండిపోయేది.

ఆ ఆదివారం మళ్లీ కీచుమంది. అతను ఇబ్బందిగా నవ్వాడు. నాకు కళ్లు కనిపించలేదు. కాలర్ పట్టి లాగి మూతి మీద గుద్దాను. కీబోర్డుతో సహా కింద పడ్డాడు. లేవబోతే మళ్లీ కొట్టాను. అతని పన్ను విరిగి నా వేళ్లు చీరుకుపోయాయి. చొక్కా అంతా రక్తం. నలుగురు నన్ను వెనక్కి లాగుతున్నా కాలితో తన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణం హాయిగా అనిపించింది.

ఎవరో పోలీసులను పిలిచారు. మైకు స్టాండు తగులుకుని పడ్డానని అతనే చెప్పి వాళ్లను పంపేశాడు.

అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాక నేల తుడవడానికి నేనొక్కణ్నే మిగిలాను. రెండు మైకులూ ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి. హాల్లో ఎవరూ లేకపోయినా స్పీకర్లు కీచుమన్నాయి. అతని మైకు మీది రక్తం తుడిచి పన్నెండో ఛానల్‌కు మార్చాను. గోల ఆగిపోయింది.

ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను.

"పోనీయండి బ్రదర్," అన్నాడు వాచిన నోటితో. "వచ్చే వారం అక్కని పాడమనండి."

ఏడో మైకు ఇప్పుడు చక్కగా పలుకుతుంది. మా ఆవిడ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. వంటింట్లో కూడా పాడటం లేదు.